దేముడి నాలుక, ఎర్రయ్య గొంతు

ఎర్రయ్య ఎవరినీ ఓ పట్టాన నమ్మేవాడు కాదు. బెంగాలీల రైల్వే ఊళ్లోని గోల్‌బజార్‌లో చేప కొనేటప్పుడు మొప్పలెత్తి చూడటం అందరూ చేసేదే. ఎర్రయ్య అక్కడితో ఆగక చేపలవాడి ఒళ్లోని తడిగుడ్డ కూడా ఎత్తి చూసేవాడు. కొత్త మనిషి ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆ రోజంతా ఆ నవ్వుకి కారణం వెతుక్కునేవాడు. "నా మొగుడు దేవుడికి దండం పెట్టినప్పుడు కూడా ఒక కన్ను తెరిసే ఉంచుతాడు" అనేది అతని భార్య నూకాలమ్మ.

అందుకు కారణం లేకపోలేదు. ఎర్రయ్య తండ్రి పాలకొండ వైపు నుంచి వచ్చి రైలుకట్ట మీద కూలిగా చేరినవాడు. ఒకసారి ఊళ్లో తల్లి పోతే సెలవడిగాడు. ఎవరో గుమాస్తా కాగితం చూపించి, సెలవు చీటీ అని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాడు. దినకర్మలు ముగించుకుని తిరిగొచ్చాక తెలిసింది, అది పని మానుకుంటున్నట్టు రాసిన కాగితమని. అప్పటికి ఎర్రయ్యకి పదేళ్లు. తండ్రి చనిపోయేదాకా తన ఎడమచేతి బొటనవేలిని చూసుకుని తిట్టుకోవడం విన్నాడు. అలా పెరిగినవాడు, రైల్వే కార్ఖానాలో ఖలాసీగా, అంటే మోత కూలీగా చేరి, పద్దెనిమిదేళ్ల తరవాత కమ్మరి షాపులో సుత్తి నడిపే హ్యామర్‌మన్ అయినా, ఏ సంఘంలోనూ చేరలేదు, ఏ కాగితం మీదా ఊరికే చెయ్యి పెట్టలేదు.

అంతటివాడూ నమ్మిన మనిషి ఒక్కడున్నాడు. దేముడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో పక్క క్వార్టరు. ఒకే షాపు, ఒకే స్టీమ్ సుత్తి. ఎర్రయ్య సుత్తి లివరు దగ్గర నిలబడితే, దేముడు ఎర్రటి ఇనపముద్దని పటకారుతో పట్టుకునేవాడు. వరసకి బావలు కాకపోయినా బావా అంటే బావా అనుకునేవారు.

యాభై మూడులో దేముడు యార్డులో వ్యాగన్ మెట్టు మీంచి జారాడు. గడ్డం వెళ్లి వ్యాగన్ చివరి ఇనప బఫరుకి కొట్టుకుంది. పళ్ల మధ్య పడి నాలుక కొన తెగిపోయింది. గాయం మానింది గాని, ఆ తరవాత అతనికి కొన్ని అక్షరాలు పలకడం పోయింది. ట అంటే త వచ్చేది, డ అంటే ద వచ్చేది. ర అసలు రాదు, దాని చోట ల. డబ్బా దబ్బా అయింది. ఎర్రయ్య ఎల్లయ్య అయ్యాడు. మొదట్లో షాపులో నవ్వేవారు. కొన్నాళ్లకి నవ్వేవాళ్లకే విసుగొచ్చింది. దేముడు మాత్రం మాట తగ్గించేశాడు.

అరవై రెండు జనవరిలో ఓ ఆదివారం రంగనాథ్ సైకిలు వేసుకుని వచ్చాడు. ఊరి చివర ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. గోదావరి వైపు మనిషి, ముప్పై లోపు వయసు. సైకిలు వెనకాల పెద్ద పెట్టె కట్టుకుని, దేముడి వరండా ముందు ఆగి, అక్కడ కూర్చున్న నలుగురికీ నమస్కారం పెట్టాడు.

"మీరు చెప్పు అంటారా, సెప్పు అంటారా?" అనడిగాడు.

"కాలికేసుకునేదా, నోటితో సెప్పేదా?" అన్నాడు ఎర్రయ్య.

"రెండూ."

"రెండూ సెప్పే."

రంగనాథ్ సంబరపడిపోయాడు. ఆ సంబరం చూడగానే ఎర్రయ్యకి అనుమానం మొదలైంది.

"చ అనేటప్పుడు నాలుక అంగిలికి అతుక్కుని ఊడుతుందండీ. మీరు స అంటున్నారు కదా, అప్పుడు పూర్తిగా అతుక్కోదు. నడుమ సన్నటి సందు ఉంటుంది, గాలి అందులోంచి జారుతుంది. ఒక్కొక్కరి నాలుక ఎక్కడ అంటుతోందో, ఎక్కడ ఆగిపోతోందో చూడాలని వచ్చాను."

"సూసి ఏటి సేస్తారు బాబూ?"

"పుస్తకం రాస్తాను."

"ఎవులికి?"

"చదివేవాళ్లకి."

అది జవాబులా అనిపించలేదు ఎర్రయ్యకి. మన నోట్లో నాలుక ఎక్కడ తగిలితే వీడికేం? ఇంతకీ వీణ్ని పంపిందెవరు?

రంగనాథ్ పెట్టె విప్పాడు. అందులో చక్రాలు తిరిగే టేపు మిషను, చిన్న అద్దం, కెమెరా, ఒక సీసాలో నల్లటి పొడి. బొగ్గుపొడిలో కోకో కలిపానన్నాడు. ముందు తనే కుంచెతో ఆ పొడి నాలుకంతా రాసుకుని, "మాట" అని ఒక్కసారి పలికి, నోరు తెరిచి అద్దంలో చూపించాడు. పెదవులతో పలికే మ జోలికి నాలుక పోదు కాబట్టి, అంగిలి మీద పడిన మచ్చ ట దే. నాలుక కొన పైకి వంగి, అంగిలి నడినెత్తిన నల్లటి వంపు గీసినట్టు మచ్చ పెట్టింది.

దేముడు ముందుకొచ్చి నోరు తెరిచాడు. పొడి రాయించుకుని "మాత" అన్నాడు. అద్దం పెట్టి చూస్తే అంగిలి పైన ఒక్క చుక్క లేదు. నలుపంతా ముందుపళ్ల వెనకే వెడల్పుగా అంటుకుంది. రంగనాథ్ చాలాసేపు చూసి, రెండు ఫోటోలు తీసుకుని, కాగితం మీద పేరూ తారీఖూ వేసుకున్నాడు.

"కొన లేకపోయినా, ట అనడానికి మీ నాలుక తన దారి తాను వెతుక్కుందండీ. నేనిలాంటిది ఇదివరకు చూడలేదు" అన్నాడు.

తొమ్మిదేళ్లలో తన నాలుకని చూసి నవ్వకుండా ఆశ్చర్యపోయినవాడు అతనొక్కడే. ఆ రోజు దేముడు చాలా మాట్లాడాడు. భార్య చిలకమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి మొగుణ్ని వింతగా చూసింది.

ఎర్రయ్య నోట్లో పొడి పెట్టనివ్వలేదు. కాని దేముడు పోరగా పోరగా, మిషనులోకి నాలుగు మాటలు చెప్పాడు. సుత్తి దగ్గర కేకలెలా వేస్తారో చూపించమంటే, షాపులో వేసినట్టే కొట్టమని "మారో!", ఆపమని "రోకో!" అంటూ గొంతెత్తి అరిచాడు. రంగనాథ్ టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. తన గొంతు పెట్టెలోంచి రాగానే ఎర్రయ్య లేచి పెట్టె వెనక్కి వెళ్లి చూశాడు.

మరో మూడు ఆదివారాలు రంగనాథ్ వచ్చిపోతూ ఉన్నాడు. మిషను తెచ్చినప్పుడల్లా తన మాటలు తిప్పి తిప్పి వినాలని దేముడు సరదాపడితే, ఇద్దరి గొంతులూ రికార్డయిన టేపు చక్రాన్ని అతని దగ్గరే ఉంచాడు. దేముడు దాన్ని ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచుకున్నాడు.

మార్చిలో షాపులో సమూయేలు చెయ్యి నలిగింది. సమూయేలు ఖలాసీ, అప్పుడే పెళ్లయినవాడు. ఎత్తిన ఇనుము గొలుసులోంచి జారి రెండు వేళ్ల మీద పడింది. స్ట్రెచరు ఇంకా రాలేదు. దిమ్మ మీద రక్తం ఇంకా తుడవలేదు. పని చేయించే చార్జ్‌మన్ గడియారం చూసుకుని, కాలిన ముద్ద చల్లారిపోతుంది, తరవాతిది పెట్టండి అన్నాడు.

అప్పుడు ఆవిరి కమ్ముకున్న మూల నుంచి ఒక కేక వచ్చింది.

"టూల్ డౌన్ కర్ దో!"

షాపు మొత్తం సుత్తులు ఆగిపోయాయి. బెంగాలీ, ఒరియా, బిహారీ, తెలుగు, అందరూ పనిముట్లు కింద పెట్టారు. సమూయేలుని గేటు దాటించి పెద్దసారు వచ్చి మాట్లాడేదాకా, ముప్పావుగంట ఒక్క సుత్తీ లేవలేదు.

ఆ కేక వేసింది ఎర్రయ్య.

ఎలా అరిచాడో అతనికే తెలీదు. సంఘంలో చేరనివాడు, జెండా పట్టనివాడు, ఏ మీటింగులోనూ ముందు వరసలో నిలబడనివాడు. ఎవరూ అతనని అనుకోలేదు. ఇంటికొచ్చి నూకాలమ్మకి కూడా చెప్పలేదు. చెబితే ఆమె నుంచి ఎవరి చెవికి వెళ్తుందోనని.

అరిచిందెవరని పైవాళ్లు వాకబు మొదలుపెట్టారు. వేలిముద్రల్లాగే గొంతుని కూడా మిషనుతో పోల్చి పట్టేస్తారని టీకొట్టు దగ్గర ఎవరో అన్నారు. చెప్పినవాడికి సగమే తెలుసు. విన్న ఎర్రయ్యకి ఆ సగమే చాలింది. రెండు నెలల కిందట సైకిలు మీద ఒక మనిషి రావడం, సుత్తి కేకలే ఏరి ఏరి అడగడం, నమస్కారాలు, నవ్వులు, అన్నీ ఒక్క వరసలో కనిపించాయి.

శనివారం మధ్యాహ్నం గోల్‌బజార్‌లో రంగనాథ్ కనిపిస్తే వెంటపడ్డాడు. బట్టల కొట్ల వరస దాటి ఒక ఫోటో స్టూడియోలోకి వెళ్లాడు రంగనాథ్. ఎర్రయ్య ఎదుటి కొట్లో లుంగీలు బేరమాడుతున్నట్టు నటిస్తూ చూశాడు. స్టూడియోవాడు బల్ల మీద పరిచినవన్నీ తెరిచిన నోళ్ల ఫోటోలు. ఒక్కొక్క దాని వెనకా రంగనాథ్ పేరు రాసుకుంటున్నాడు. ఠాణాలో దొంగల ఫోటోలు అలాగే వరసగా అంటించి ఉండటం ఎర్రయ్య ఒకప్పుడు చూశాడు. ఇంకేం కావాలి?

సోమవారం దేముడు పొద్దుటి డ్యూటీలో ఉండగా, ఎర్రయ్య ఆలస్యంగా బయల్దేరి చిలకమ్మని పిలిచాడు.

"మేష్టారు ఆ టేపు సక్రం అడిగినారమ్మా. నాను అటే ఎల్తన్నాను, ఇచ్చేస్తాను."

చిలకమ్మ ట్రంకుపెట్టె తీసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎర్రయ్య దాన్ని చొక్కా లోపల పెట్టుకుని షాపుకి వెళ్లి, బొగ్గు వేసే పారలో ఉంచి కొలిమిలోకి విసిరాడు. నీలంగా ఒక్కసారి భగ్గుమంది. ముక్కుకి పట్టే వాసనొకటి వచ్చి పోయింది. అంతే.

పదిరోజుల తరవాత చార్జిషీటు వచ్చింది. ఎర్రయ్యకి కాదు, దేముడికి.

ఆ మూల ఆవిరిలో ఎర్ర తువ్వాలు తలకి చుట్టుకున్న మనిషి వీపు చూశాననీ, కేక అక్కడి నుంచే స్పష్టంగా విన్నాననీ చౌకీదారు రాసిచ్చాడు. ఎర్ర తువ్వాలు చుట్టుకునేవాడు దేముడు. అతన్ని పని నుంచి ఆపేశారు.

ఎర్రయ్యకి మొదట వచ్చిన ఆలోచన, రంగనాథే పేరిచ్చి ఉంటాడని. అదే కోపంతో కాలేజీ వైపు నడిచి, రంగనాథ్ ఉండే గది తలుపు తట్టాడు.

"మావోడి పేరు మీరే ఇచ్చినారా?"

రంగనాథ్‌కి ఆ మాట అర్థం కావడానికే కొంతసేపు పట్టింది. సంగతి తెలిశాక కుర్చీలోంచి లేచాడు.

"ఏమని అరిచారన్నారు?"

"టూల్ డౌన్ కర్ దో."

"ట, డ, ర... దేముడిగారు ఆ మూడూ అనలేరు కదండీ! పిలిచి పలికించి చూడమనండి."

"పలికించినారు బాబూ. తూల్ దౌన్ కల్ దో అన్నాడు. ఉద్యోగం పోతాదంటే ఎవుడైనా అలగే పలుకుతాడని ఆపీసరు నవ్వినాడంట. సావాసగాళ్ల సాక్ష్యం సెల్లదన్నాడంట."

రంగనాథ్ ముఖం వెలిగింది. "అయితే టేపుంది కదా! గొడవకి రెండు నెలల ముందు రికార్డు చేసింది. అప్పుడాయనకి నటించాల్సిన పనేముంది? పదండి, దేముడిగారింట్లోంచి తెచ్చుకుందాం."

ఎర్రయ్య కదల్లేదు. రంగనాథ్ చొక్కా తొడుక్కుంటూ వెనక్కి తిరిగి చూశాడు.

"అది లేదు బాబూ. నాను కొలిమిలో పడేసినాను."

"ఎందుకండీ?"

"దాన్లో నా గొంతుంది."

రంగనాథ్ చొక్కా బొత్తాం పెట్టుకోవడం మధ్యలో ఆపి, కిటికీ వైపు తిరిగాడు. తను ఏం చెప్పేశాడో అప్పుడు గాని ఎర్రయ్యకి తెలియలేదు. నిన్నటిదాకా నమ్మని మనిషి చేతిలో తన తల పెట్టాడు.

"ఫోటోలున్నాయి. స్టూడియోకి ఫిల్ము ఇచ్చినప్పటి రసీదు మీద తారీఖు కూడా ఉంది. విచారణకి నేను తెస్తాను" అన్నాడు రంగనాథ్.

ఆ వారం ఎర్రయ్యకి అన్నం సయించలేదు. లెక్చరరు ఎవరికైనా చెప్పాడా? కాలేజీ గేటు వైపు వెళ్లే ప్రతి ఖాకీ చొక్కానీ చూశాడు. దానికి తోడు ఇంకొకటి. విచారణలో తన పక్కన కూర్చుని సాయపడేందుకు తోటి కార్మికుణ్ని ఒకణ్ని పెట్టుకోవచ్చని చెబితే, దేముడు ఎర్రయ్య పేరు రాయించాడు. సంఘంలో నోరున్నవాళ్లు పదిమంది ఉన్నారు. వాళ్లందరినీ వదిలి నన్నెందుకు?

"నాకు మాటాడ్డం రాదు బావా" అన్నాడు ఎర్రయ్య.

"నాకూ లాదు కదా" అన్నాడు దేముడు. మొహంలో ఏమీ కనపడలేదు.

విచారణ రోజు చిన్న గదిలో విచారణ అధికారి, రాసుకునే గుమాస్తా, చౌకీదారు, వీళ్లిద్దరూ కూర్చున్నారు. రంగనాథ్‌ని సాక్షిగా పిలిచారు. అతను ఫోటోలు బల్ల మీద పరిచాడు. తన నోరొకటి, దేముడి నోరొకటి, పక్కపక్కన. ట కి నాలుక కొన ఎక్కడికి వెళ్లాలో, ఇక్కడ ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించాడు.

"ఈ నలుపు నటించి తెచ్చుకునేది కాదు సార్. నాలుక తాకితేనే పడుతుంది. పైగా ఇవి జనవరిలో తీసినవి. అప్పటికి గొడవే లేదు."

అధికారి చదువుకున్నవాడు. రసీదు తిప్పి చూశాడు, దేముణ్ని నోరు తెరవమని తెగిన నాలుకనీ చూశాడు. తనలో తనే ట, ట అని రెండుసార్లు అనుకున్నాడు. అయినా తల ఊపలేదు.

"ఫోటోలో నోరే ఉంది, కేక లేదు. చౌకీదారు ఆ మూల నుంచే విన్నానంటున్నాడు. ఆ మూలలో ఉన్నది ఇతనూ..." అని కాగితం చూసి, తలెత్తి ఎర్రయ్య వైపు తిరిగాడు. "మీరూ. మీరేం విన్నారు?"

గుమాస్తా కలం ఎత్తి పట్టుకున్నాడు. ఎర్రయ్య దేముడి వైపు చూశాడు. దేముడు బల్ల మీది ఫోటోనే చూస్తున్నాడు. రంగనాథ్ కూడా తల తిప్పలేదు. చెప్పేస్తారని వారంరోజులుగా భయపడ్డ ఇద్దరూ నోరు మెదపకుండా కూర్చున్నారు.

ఎర్రయ్య లేచి నిలబడ్డాడు.  ఒకసారి దగ్గి, షాపులో అరిచినట్టే అరిచాడు.

"టూల్ డౌన్ కర్ దో!"

గుమాస్తా కలం కాగితం మీద జారింది. చౌకీదారు స్టూలు మీంచి లేచిపోయి, "యహీ హై సాబ్, యహీ ఆవాజ్!" అన్నాడు, ఇదే గొంతని.

"ఏలిముద్ర అడక్కండి బాబూ. నోటితో సెప్పినాను, అలగే రాసుకోండి" అన్నాడు ఎర్రయ్య.

దేముణ్ని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఎర్రయ్యని ఉద్యోగంలోంచి తియ్యలేదు గాని, హ్యామర్‌మన్ నుంచి ఖలాసీకి దింపారు. లివరు పట్టిన చేతులతో బొగ్గు పార పట్టాడు. సమూయేలు ఎడమచేత్తో పని నేర్చుకుని స్టోర్సులో చేరాడు. దారిలో ఎదురైతే అతని భార్య కృపమ్మ ఆగి నమస్కారం పెట్టేది. ఎర్రయ్య మొదటిసారి వెనక్కి తిరిగి, ఇంకెవరికైనా పెట్టిందేమోనని చూసుకున్నాడు.

విచారణ ముగిసిన సాయంత్రం ఇద్దరూ నడిచే ఇంటికొచ్చారు. వంతెన దిగాక ఎర్రయ్య అడిగాడు.

"అరిసింది నానని నీకెప్పుడు తెలిసింది?"

"కేకేసినప్పుదే. నీ పక్కనే కదా ఉన్నాను."

"టేపు సంగతి?"

"ఆ సాయంకాలమే సిలకమ్మ సెప్పింది. మొన్న మేష్తాలుని అదిగితే, తానదగలేదన్నాలు."

"మరి ఎవులికీ సెప్పలేదేటి? నన్నే పక్కనెందుకు కూసోబెట్టుకున్నావు?"

దేముడు తలకి చుట్టిన ఎర్ర తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

"నువ్వు సెప్తావో లేదో దగ్గలుంది సూద్దామని. నువ్వొక్కదివే అనుమానిస్తావా ఏతి? నాకూ నీ మీద అనుమానమే."

క్వార్టరు రాగానే దేముడు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. రోజూ అనే "వత్తాను బావా" కూడా అనలేదు. ఆ వేసవంతా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకే షాపులో, ఒకడు పటకారుతో, ఒకడు పారతో, ఎదురెదురుగా పనిచేశారు. ఆషాఢంలో ఎర్రయ్యకి జ్వరం తగిలి నాలుగురోజులు మంచం దిగకపోతే, అయిదో రోజు పొద్దున్నే దేముడు గిన్నెలో జావ పట్టుకుని వచ్చి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

తరవాత పదేళ్లు వాళ్లు పక్కపక్కనే ఉన్నారు. ఆ రోజు తను లేవకపోయి ఉంటే దేముడు తన పేరు చెప్పేవాడా అన్నది ఎర్రయ్య ఎన్నోసార్లు అడగబోయి, అడగకుండానే ఊరుకున్నాడు.